కుబుసం నుంచి వంశవృక్షం దాకా: మా పాముల మైటోకాండ్రియా ప్రాజెక్టు డైరీ

జూన్, కాలేజీ తెరిచాక

ఈ ఏడాది జువాలజీ ఫైనల్ ఇయర్ పిల్లలతో చేయాల్సిన ప్రాజెక్టు ఖాయమైంది. నెల్లూరు జిల్లాలో దొరికే పాముల్లో ముప్పు ఉన్నవాటిని తీసుకుని, వాటి మైటోకాండ్రియా జన్యుపటాలను బట్టి ఏది దేనికి దగ్గర చుట్టమో తేల్చాలి. కంప్యూటర్ మీద చేసే పని సగం, చేతులతో చేసే పని సగం.

ముందు వరుసలో రెండు పాములున్నాయి: కొండచిలువ, రెండు తలల పాము. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితా రెండింటినీ ముప్పుకు చేరువలో ఉన్న జాతులుగా లెక్కగట్టింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ వచ్చాక రెండూ అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి.

కొండచిలువ సంగతి అందరికీ తెలిసిందే. రెండు తలల పాము మీదే నాకు ఎక్కువ బాధ. దానికి ఉన్నది ఒక్క తలే. తోక మొద్దుగా, తలలాగే ఉంటుంది. ప్రమాదం వస్తే తలను చుట్టల కింద దాచి తోకను పైకెత్తుతుంది. ఈ ఒక్క లక్షణం దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, మందుకు పనికొస్తుందని, ఇంత బరువుంటే కోట్లు పలుకుతుందని పుకార్లు పుట్టించి ఊళ్లలో బేరాలు పెడతారు. విషం లేని పాము, కరవడానికి కూడా పెద్దగా తిరగబడదు, వేరుశనగ చేలల్లో ఎలుకలు తిని బతుకుతుంది. దాన్ని సంచిలో వేసుకుని ఊరూరా తిప్పుతుంటే మనకు నష్టం కాక ఇంకేంటి?

మైటోకాండ్రియానే ఎందుకంటే, కణంలో కేంద్రకం ఒక్కటే ఉంటుంది, మైటోకాండ్రియా డీఎన్ఏ కాపీలు మాత్రం వందలూ వేలూ ఉంటాయి. ఎండిపోయిన చర్మం ముక్కలో కూడా కాస్తో కూస్తో మిగులుతుంది. పాముల్లో అది సుమారు 17 వేల డీఎన్ఏ అక్షరాల (ఏ, టీ, జీ, సీ) వలయం. అందులో 37 జన్యువులు: 13 ప్రొటీన్లకు, 22 టీఆర్ఎన్ఏలకు, 2 ఆర్ఆర్ఎన్ఏలకు (ఈ రెండు రకాలూ ప్రొటీన్ల తయారీలో పనిచేసే ఆర్ఎన్ఏలు). తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది కాబట్టి తల్లి వైపు వంశాన్ని సూటిగా చదవొచ్చు. తండ్రి వైపు కథ దానికి తెలియదు. ఈ మాట పిల్లల చేత నోట్సు మొదటి పేజీలో రాయించాను, ఎందుకంటే చివర్లో అందరూ మరిచిపోయేది ఇదే.

అటవీ శాఖకు అనుమతి కోసం అర్జీ పెట్టాం. బతికున్న పామును ముట్టుకోం, పట్టం, పట్టించం. కుబుసాలు మాత్రమే తీసుకుంటాం. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో కుబుసం ముక్కకైనా కాగితం చేతిలో ఉండాలన్నది నా పట్టుదల.

జూలై

అనుమతి వచ్చేలోపు కంప్యూటర్ పని మొదలైంది. జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ వరసల బహిరంగ డేటాబేసు నుంచి పాముల పూర్తి మైటోకాండ్రియా జన్యుపటాలను దించుకుంటున్నాం. కొండచిలువలు, బోవాలు, నాగుపాము కుటుంబం, పింజరలు, మన ఉప్పుటేరుల్లో కూడా తిరిగే అక్రోకార్డస్ అనే నీటిపాము, పూలకుండీల మట్టిలో కనిపించే చిన్న గుడ్డిపాము. పోలిక కోసం ఉడుము, తొండ, బల్లి.

దించుకోవడం అరగంట పని. దించుకున్నది ఎవరిదో తేల్చుకోవడానికే వారాలు పట్టింది.

కొండచిలువనే తీసుకోండి. మన దేశపు కొండచిలువ పైథాన్ మోలూరస్. బర్మా కొండచిలువను 2009 దాకా దీని ఉపజాతిగానే చాలామంది లెక్కించారు. ఆ తర్వాతే పైథాన్ బివిట్టేటస్ అని వేరు జాతిగా విడదీశారు. 2013లో బర్మా కొండచిలువ పూర్తి జన్యుపటం అచ్చయినప్పుడు కూడా పేరు పాత పద్ధతిలోనే, మోలూరస్ బివిట్టేటస్ అని ఉంది. అందుకని డేటాబేసులో మోలూరస్ అన్న మాట కనిపించగానే మన కొండచిలువ దొరికిందని సంబరపడకూడదు. నాగుపాముదీ ఇదే తంతు. చైనాలో ఉండే నాగుపామును కూడా ఒకప్పుడు మన నాజా నాజాలో కలిపేసేవారు.

అందుకని ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ అదనంగా పెట్టించాను: ఈ పాము ఏ దేశంలో, ఏ చోట దొరికింది? ఆ గడి ఖాళీగా ఉంటే ఆ వరస పసుపు రంగు. షీటులో పసుపు గళ్లు చాలానే పడ్డాయి. ఒకమ్మాయి అడిగింది: "సార్, పేరుండి ఊరు లేకపోతే దాన్ని తీసేయాలా?" తీసేయనక్కర్లేదమ్మా, వంశవృక్షం చెట్టులో పెట్టుకో, కానీ దాని మీద ఆధారపడి ఏ మాటా చెప్పకు అన్నాను.

ఆగస్టు

అమరిక పని. 13 ప్రొటీన్ జన్యువులను విడదీసి, ఒక్కొక్కదాన్ని, వరసల్ని ఒకదాని కింద ఒకటి అమర్చే సాఫ్ట్‌వేర్ మాఫ్ట్‌లో పేర్చి, అమైనో ఆమ్లాలుగా మార్చి చూస్తున్నాం. ఇక్కడ కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టే సంగతి ఒకటుంది. మామూలు జన్యు సంకేతంలో టీజీఏ అనే మూడక్షరాల మాటకు అర్థం ప్రొటీన్ తయారీ అక్కడ ఆగమని. వెన్నెముక జీవుల మైటోకాండ్రియాలో అదే టీజీఏకి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం వస్తుంది. అక్కడ టీఏఏ, టీఏజీలతో పాటు ఏజీఏ, ఏజీజీలు ఆగే గుర్తులు. సాఫ్ట్‌వేర్‌లో రెండో నంబరు కోడ్ పట్టిక ఎంచుకోకపోతే ప్రొటీన్ మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది. పట్టిక మార్చాక కూడా తెగుతుంటే అప్పుడు నిజంగా అనుమానించాలి. మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్కలు ఒక్కోసారి కేంద్రకంలోని క్రోమోజోముల్లో చేరి, పనిచేయకుండా పడి ఉంటాయి. డీఎన్ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పీసీఆర్ పద్ధతి వాటినీ ఎత్తుకొస్తుంది. అసలుదనుకుని దాన్ని చెట్టులో పెడితే ఆ కొమ్మ ఎక్కడికో పోతుంది.

పాముల మైటోకాండ్రియాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కంట్రోల్ రీజియన్. వలయం కాపీ అవడాన్ని నడిపించే భాగం అది. చాలా జంతువుల్లో ఒక్కటే ఉంటుంది. జపాన్‌లో కుమజావా బృందం 1998లో మొదటిసారి ఒక పాము మైటోకాండ్రియా జన్యుపటాన్ని పూర్తిగా చదివింది. అకమాటా అనే పాము, 17,191 అక్షరాలు. అందులో కంట్రోల్ రీజియన్ రెండు చోట్ల ఉంది. రెండూ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కొండచిలువ, బోవా, పింజర, నాగుపాము, వీటన్నిటిలోనూ ఈ రెండో కాపీ ఉంది. గుడ్డిపాముల్లో లేదు. అంటే గుడ్డిపాముల దారి విడిపోయాక, మిగతా పాముల పూర్వీకుల్లో ఈ భాగం రెండింతలైంది. కోట్ల ఏళ్లుగా రెండు కాపీలూ విడివిడిగా మారిపోకుండా ఒకదాన్ని చూసి ఒకటి దిద్దుకుంటూ వస్తున్నాయి. ఒకే పాములోని రెండు కాపీల మధ్య పోలిక, రెండు జాతుల పాముల్లోని ఒకే చోటి కాపీల మధ్య పోలికకన్నా ఎక్కువ.

అందంగానే ఉంది, కానీ చిన్న ముక్కలుగా చదివి అతికించేవాళ్లకు ఇది నరకం. ఒకే పేజీ రెండుసార్లు అచ్చైన పుస్తకాన్ని చింపి తిరిగి అతికించమన్నట్టే: ఏ ముక్క ఏ పేజీదో తెలియదు. సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకటిగా కలిపేసి వెయ్యి అక్షరాలు తక్కువున్న వలయాన్ని చేతిలో పెడుతుంది. అందుకే మేం దించుకున్న ప్రతి జన్యుపటంలోనూ రెండో కాపీ ఉందో లేదో కంటితో చూశాం. చెట్టు కట్టేటప్పుడు మాత్రం కంట్రోల్ రీజియన్లను పక్కనబెట్టి ప్రొటీన్ జన్యువులు, ఆర్ఆర్ఎన్ఏలు మాత్రమే వాడుతున్నాం.

సెప్టెంబరు

వంశవృక్షాలు లెక్కగట్టే ఐక్యూ-ట్రీ సాఫ్ట్‌వేర్‌లో మొదటి చెట్టు వచ్చింది. చెట్టు మొదలు ఎక్కడో తెలియడానికి ఉడుమును బయటి చుట్టంగా పెట్టాం. గుడ్డిపాము అడుగునే విడిపోయింది. పింజరలు ఒక గుంపు, నాగుపాము, కట్లపాము, సముద్రపు పాములు ఒక గుంపు. ఇదంతా ఊహించిందే.

పిల్లల్ని ఆశ్చర్యపరిచింది కొండచిలువ. అదీ రెండు తలల పామూ రెండూ చుట్టేసి బిగించి చంపేవే, రెండూ లావుపాటివే, పక్కపక్కన కూర్చుంటాయని అందరూ అనుకున్నారు. కూర్చోలేదు. కొండచిలువకు దగ్గర చుట్టం ఆగ్నేయాసియాలో నేలలో దూరి బతికే, ఇంద్రధనుస్సు మెరుపున్న జెనోపెల్టిస్. కేంద్రక జన్యువులు కూడా ఇదే చెబుతాయి. రెండు తలల పాము బోవాల వైపు. పునరుత్పత్తి చూస్తే అర్థమవుతుంది: కొండచిలువ గుడ్లు పెట్టి చుట్టుకుని పొదుగుతుంది, రెండు తలల పాము నేరుగా పిల్లల్ని కంటుంది. దాని ఎరిక్స్ ప్రజాతిలోనే అరేబియా ఇసుకల్లో ఉండే ఎరిక్స్ జయకారి మాత్రం గుడ్లు పెడుతుంది. మస్కట్‌లో పనిచేసిన మన దేశపు డాక్టరు ఆత్మారామ్ జయకర్ పేరు పెట్టారు దానికి. పిల్లల్ని కనే వంశంలో మళ్లీ గుడ్లు పెట్టే పాము ఎలా వచ్చిందన్నది పరిణామ శాస్త్రంలో పెద్ద చర్చ. వంశవృక్షం లేకపోతే ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు.

అప్పుడు తొండను కూడా చేర్చి, ఉడుముకు బదులు బల్లిని బయటి చుట్టంగా పెట్టి మళ్లీ నడిపించమన్నాను. ఏం వస్తుందో నాకు తెలుసు, వాళ్లు కళ్లారా చూడాలని. తొండ వెళ్లి పాముల పక్కన కూర్చుంది. ఆ కొమ్మను ఎంత నమ్మొచ్చో చెప్పే మద్దతు అంకె కూడా గట్టిగానే ఉంది. అంటే తొండలు పాములకు ఉడుముకన్నా దగ్గర చుట్టాలని మైటోకాండ్రియా వాదిస్తోంది.

అది నిజం కాదు. కేంద్రక జన్యువులు, శరీర నిర్మాణం రెండూ దీన్ని ఒప్పుకోవు. 2009లో క్యాస్టో, పొలాక్ బృందం దీని గుట్టు విప్పింది. పాముల పూర్వీకుల్లోనూ తొండల పూర్వీకుల్లోనూ మైటోకాండ్రియా ప్రొటీన్లు ప్రకృతి ఎంపిక ఒత్తిడి వల్ల ఒకేలాంటి మార్పులకు లోనయ్యాయి. వేర్వేరు దారుల్లో నడిచి ఒకే చోటికి చేరాయి. లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఆ పోలికను చుట్టరికమని నమ్మింది. డేటా పెంచితే తప్పు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ఇక్కడ 13 జన్యువులూ కలిపితే తప్పు ఇంకా గట్టిపడుతుంది.

పాముల మైటోకాండ్రియా ఇంతగా ఎందుకు మారిందనే ప్రశ్న వచ్చింది. పాముల్లో శక్తిని తయారుచేసే ఈ ప్రొటీన్లు అసాధారణ వేగంతో మారాయని అదే బృందం 2008లో చూపించింది. నెలల తరబడి తినకుండా ఉండి, ఒక్కసారిగా పెద్ద ఆహారం మింగే బతుకు వాటిది. తిన్న రెండు రోజుల్లో కొండచిలువ గుండె కండరం 40 శాతం దాకా పెరుగుతుందని 2005లో కొలిచారు. మెటబాలిజం అంత ఎగసిపడే శరీరానికీ ఈ ప్రొటీన్లకూ సంబంధం ఉండొచ్చన్నది వాళ్ల ఆలోచన.

ఈ తొండ చెట్టును ప్రింటు తీసి ల్యాబ్ గోడకు అంటించాం.

అక్టోబరు

అనుమతి పత్రం చేతికొచ్చింది. ఈశాన్య రుతుపవనాలు ముంచుకొచ్చేలోపు కుబుసాలు ఏరుకోవాలి. తడిసి నానితే డీఎన్ఏ చీకిపోతుంది. ఉదయగిరి వైపు ఎర్రనేలలు, రాపూరు వైపు వెలిగొండ అడుగు పొలాలు, కావలి నుంచి తీరం వైపు ఇసుక చేలు, ఇవే మా చోట్లు. గడ్డివాములు, రాతి కట్టలు, చీమలపుట్టల మొదళ్లు.

రాపూరు వైపు మాకు దారి చూపింది యానాదుల పెద్దాయన ఒకరు. ఎలుక బొరియను చూసి లోపల ఎలుకుందా, పాముందా చెప్పగల మనిషి. పిల్లలు తాతా అని పిలిచేవారు. ఒక రైతు గడ్డివాములో దొరికిన బారెడు కుబుసాన్ని తాచుపాముదని భయపడుతూ తెచ్చిచ్చాడు. తాత దాన్ని రెండు చేతులతో వెలుగుకు పట్టుకుని, "సారూ, తాచుది గాదు ఇది, జెర్రిపోతుది. ఆ తోక సన్నం జూడండి. తాచుకు ఇంత తోక యాడుంటాది?" అన్నాడు.

నేను తల భాగాన్ని లెన్సు కింద పెట్టాను. ముక్కు పొలుసుకూ కంటి ముందు పొలుసుకూ మధ్యన చిన్న చెంప పొలుసులు ఉన్నాయి. నాగుపాము కుటుంబంలో దేనికీ అక్కడ పొలుసు ఉండదు. ముక్కు పొలుసు నేరుగా కంటి ముందు పొలుసును తాకుతుంది. కంటి మీద గుండ్రటి పారదర్శకపు పొర చెక్కుచెదరకుండా ఉంది. పాముకు రెప్పలుండవు, ఆ పొరే కంటికి కాపలా, కుబుసంతో పాటే ఊడొస్తుంది. తాత మాట, పొలుసు మాట ఒకటే అయ్యాయి. మూడో సాక్ష్యంగా డీఎన్ఏ చూద్దామని ఒక ముక్క కాగితపు కవరులో వేసుకున్నాం. ప్లాస్టిక్ కవరు వాడం, చెమ్మ పడుతుంది.

రెండు తలల పాము కుబుసం చేతిలోకి రాగానే తెలిసిపోతుంది. మిగతా పాముల్లో చాలావాటికి కడుపు కింద అడ్డంగా వెడల్పాటి పట్టీలుంటాయి, ఇది వాటి ఆనవాలు. దీనికి ఆ పట్టీలు సన్నగా, శరీరం వెడల్పులో చిన్న భాగమే. మట్టిలో దూరే పాము కదా. తోక చివర మొద్దుగా సంచి మూతిలాగా మిగిలింది. దాన్ని చూసి తాత, "దీన్నెందుకు బడతారో సారూ. ఎలకలు దిని బతికేది. మా నాయన కాలంలో దీన్ని ఎవురూ కన్నెత్తి జూసేవోళ్లు గాదు" అన్నాడు.

డిసెంబరు

తుపాను వానలకు నవంబరంతా బయటి పని లేదు. ల్యాబ్‌లో మాత్రం జరిగింది.

కుబుసం ముక్కను శుభ్రం చేసి, సన్నగా కత్తిరించి, ప్రొటీన్లను కోసే ప్రొటీనేజ్ కె ఎంజైముతో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా నానబెట్టాలి. కుబుసం కరగదు, మెత్తబడుతుంది. కెరాటిన్ అలాంటిది. ఆ ద్రవంలోంచి డీఎన్ఏను విడదీస్తే వచ్చేది తక్కువ, అదీ ముక్కలు ముక్కలు. 17 వేల అక్షరాల వలయాన్ని దీంతో పూర్తిగా చదవడం మా కాలేజీ స్థాయిలో కుదరదు. చిన్న ముక్కను చదవొచ్చు.

ఆ చిన్న ముక్క ఏదన్నది ఎప్పుడో తేలిపోయింది, అదీ మన హైదరాబాద్‌లోనే. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ 2003లో సైటోక్రోమ్ బి జన్యువు నుంచి 472 అక్షరాల ముక్కను ఎత్తే ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ తునకలు) తయారుచేశారు. ఏ జంతువు మాంసమో, చర్మమో తెలియని కేసుల్లో జాతిని పట్టించడానికి అవి పనికొస్తాయి. సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ల్యాబ్ అటవీ శాఖలకు ఇలాంటి పరీక్షలు చేసిపెడుతుంది. లాల్జీ సింగ్ గారి డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పనికి మూలం కూడా ఒక పామే. పసుపు, నలుపు పట్టీల కట్లపాము డీఎన్ఏలో ఆయన గుర్తించిన బీకేఎం అనే వరస నుంచే అది మొదలైంది. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో వెలుగు చూడాలి. మన దేశంలో కోర్టుకెక్కిన డీఎన్ఏ సాక్ష్యానికి పాము రుణం ఉంది.

ఆ ప్రైమర్లతో పీసీఆర్ చేసి, డీఎన్ఏ ఉంటే గీతగా కనిపించే జెల్ మీద చూశాం. ఎండలో బాగా మాడిన కుబుసాలకు గీతే రాలేదు. గడ్డివాము నీడలో దొరికినవాటికి సన్నగా వచ్చింది. వచ్చినవాటిని శుద్ధిచేసి, రెండు వైపుల నుంచీ చదవమని బయటి ల్యాబ్‌కు పంపాం.

ఫిబ్రవరి

ఫలితాలొచ్చాయి. ఒక్కో అక్షరాన్ని ఒక్కో శిఖరంగా గీసే క్రోమాటోగ్రామ్‌లో శిఖరాలు ఒక్కొక్కటీ చూసి, మొదట్లో చివర్లో అస్పష్టంగా ఉన్నవి కత్తిరించి, రెండు వైపుల చదువూ కలిశాకే వాడుతున్నాం. ఆ పైన ప్రొటీన్‌గా మార్చి, మధ్యలో తెగడం లేదని చూసుకున్నాం.

రైతు తెచ్చింది జెర్రిపోతే. తాతకు ఫోన్ చేయించి చెప్పాం. "నేను అప్పుడే జెప్పితిని గదా" అన్నాడు, నవ్వుతూ.

వెలిగొండ అడుగు నుంచి వచ్చిన కొండచిలువ కుబుసం మన మోలూరస్ కొమ్మ మీదే కూర్చుంది, బర్మా జాతితో కలవలేదు. అడవిలో దొరికిన పాముకు ఇది చాలు. పట్టుబడిన పాము విషయంలో మాత్రం ఈ ఒక్క ముక్కతో తీర్పు చెప్పకూడదు. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడు కొండచిలువలు తప్పించుకుని అడవిని ముంచెత్తాయి. అన్నీ బర్మా జాతివే అనుకునేవారు. 2018లో సుమారు 400 పాముల్ని పరీక్షిస్తే 13 పాముల్లో మన దేశపు కొండచిలువ మైటోకాండ్రియా ఆనవాలు కనిపించింది. రూపం, కేంద్రక జన్యువులు ఒకటి చెబుతుంటే తల్లి వైపు వరస మరొకటి చెప్పింది. ఎక్కడో వెనకటి తరాల్లో రెండు జాతులూ కలిశాయని పరిశోధకుల అంచనా. జూన్‌లో నోట్సు మొదటి పేజీలో రాయించిన మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

రెండు తలల పాము వరసలు ఉదయగిరి వైపుదీ తీరం వైపుదీ రెండూ ఎరిక్స్ జానీ (ఈ పాము శాస్త్రీయ నామం) వరసలతో కలిశాయి. రెండింటి మధ్య కొన్ని అక్షరాల తేడా ఉంది. రెండు కుబుసాల మీద ఆధారపడి ఇక్కడ రెండు వేర్వేరు వంశాలున్నాయని అనడం తొందరపాటు. కానీ అడగాల్సిన ప్రశ్న ఇదే. బేరగాళ్ల దగ్గర పట్టుబడిన పామును అది ఎక్కడిదో తెలియకుండా దగ్గర్లోని అడవిలో వదిలేస్తే, ఆ చోటు దానికి సొంతమా పరాయా? నేల మారితే ఆ పాము బతుకుతుందా, బతికితే అక్కడి పాముల్లో ఏం కలుపుతుంది? జిల్లాలవారీగా కుబుసాల వరసలు ఒకచోట చేరితే, పట్టుబడిన పామును కనీసం సరైన వైపుకు పంపొచ్చు. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల అంచు నుంచీ, కడప వైపు వెలిగొండ నుంచీ నమూనాలు కావాలి. ఒంగోలు మిత్రులు ఒకరిద్దరు ఒప్పుకున్నారు, వాళ్ల అనుమతుల పని నడుస్తోంది.

మార్చి

వరసల్ని జెన్‌బ్యాంక్‌లో చేర్చే ఫారాలు నింపుతున్నాం. దేశం, సేకరించిన తేదీ, కుబుసం భద్రపరిచిన నంబరు, అన్నీ ఇస్తున్నాం. అక్షాంశ రేఖాంశాల గడి దగ్గర మాత్రం పిల్లల మధ్య పెద్ద వాదన జరిగింది. ఊరు లేని వరసల్ని జూలై అంతా పసుపు రంగుతో గుర్తుపెట్టింది మనమే, ఇప్పుడు మనమే ఊరు దాస్తే ఎలా అని ఒకరు. ఆ గడి నింపితే బేరగాళ్లకు మ్యాపు ఇచ్చినట్టే అని ఇంకొకరు. ఇద్దరిదీ న్యాయమే.

ఆలోచించి ఇలా నిర్ణయించాం. కొండచిలువకు, జెర్రిపోతుకు మండలం దాకా రాస్తాం. రెండు తలల పాముకు బయటి రికార్డులో నెల్లూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే. పొలం పేరుతో సహా పూర్తి వివరాలున్న రిజిస్టరు ఒక ప్రతి అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో, ఒకటి మా డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంటుంది. నిజంగా పరిశోధన చేసేవాళ్లు రాసి అడిగితే, అటవీ శాఖ సరేనంటే, చూపిస్తాం. పిల్లలు తీసిన ఫొటోల్లో ఊరి గుర్తులు, ఫోన్ వేసే లొకేషన్ వివరాలు తొలగించే పని ఈ వారం నడుస్తోంది. అది పూర్తయ్యాకే వరసలు పంపుతాం.